పాత మ్యాపుతో లాకెట్టా, పూసలా, ఫ్రేమా, కోస్టర్లా? కత్తెర పెట్టేముందు చూసుకోవాల్సినవి

అటక సర్దుతుంటే పాత స్కూల్ అట్లాస్ దొరికిందనో, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు తిరగేస్తుంటే మడతలు పడ్డ సర్వే మ్యాపు చవగ్గా వచ్చిందనో, మామగారి బీరువాలో చుట్ట చుట్టి పెట్టిన ఊరి నక్షా ఉందనో చాలామంది నన్ను అడుగుతుంటారు, దీంతో చెవి కమ్మలు చేస్తే బావుంటుందా, ఫ్రేమ్ కట్టిస్తే బావుంటుందా, రెసిన్ (పోశాక గాజులా గట్టిపడే పారదర్శక ద్రవం) పోస్తే బావుంటుందా అని. ఏడేళ్ళుగా ఇదే పని చేస్తున్నా కాబట్టి ఒకటి గట్టిగా చెప్పగలను. తప్పు ఎక్కడ జరుగుతుందంటే అందరూ ముందు వస్తువు ఫిక్స్ అయిపోతారు, ఫోన్లో చూసిన లాకెట్ ఒకటి మనసులో పెట్టుకుని మ్యాపు మీద కత్తెర పెట్టేస్తారు. దాన్ని తిరగేయండి. ముందు మ్యాపుని చూడండి, ఇంకో కాపీ దొరుకుతుందా, ఏ స్కేలు, ఏ కాగితం, ఈ మూడూ తెలిస్తే దాంతో ఏం చేయాలో సగం తేలిపోయినట్టే.

ముందు ప్రశ్న: దీన్ని కోయొచ్చా?

పాత మ్యాపు అనగానే అన్నీ ఒకటే కాదండీ. లక్షల కాపీలు అచ్చైన స్కూల్ అట్లాస్ వేరు, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క నక్షా వేరు.

నిశ్చింతగా కోయదగ్గవి: కవరు ఊడిపోయిన స్కూల్ అట్లాసులు, పాత రోడ్ మ్యాపులు, టూరిస్ట్ మ్యాపులు, జిల్లాలు మారిపోయి పనికిరాకుండా పోయిన వర్క్‌బుక్కులు. 2014లో రాష్ట్రం విడిపోయాక, ఆ తర్వాత 2016లో తెలంగాణలో 31 జిల్లాలు చేశాక, 2022లో ఆంధ్రలో 26 చేశాక ఇలాంటివి చాలా పాతవైపోయాయి, పాత పేపర్ల షాపుల్లో కిలోల లెక్కన దొరుకుతాయి.

అస్సలు కోయకూడనివి: పొలం కొలతలున్న ఎఫ్ఎంబీ (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్) కాగితాలు, టీపన్ (తెలంగాణలో అలాంటి సర్వే రికార్డు) నకళ్ళు, పాత గ్రామ నక్షాలు. ఇవి చూడ్డానికి ఎంత అందంగా ఉన్నా రేపు హద్దుల గొడవ వస్తే అక్కరకొచ్చేవి, పైగా సర్వే ఆఫీసులో కూడా వాటి కాపీ సరిగా లేని సందర్భాలు ఉంటాయి. అలాగే చేత్తో రంగులు వేసినవి, వెనక బట్ట అంటించినవి, ఇంటిపెద్ద ఎవరైనా పెన్సిల్‌తో గుర్తులు పెట్టినవి. వీటిని స్కాన్ చేయించి ప్రింట్‌తో పని చేయండి, ఒరిజినల్ ని మడత లేకుండా దాచేయండి. ప్రింట్‌తో చేస్తే అసలైన ఫీల్ రాదంటారు కొందరు, నిజంగా చెప్తున్నా, గాజు కింద పెట్టాక మంచి మ్యాట్ పేపర్ ప్రింట్‌కీ ఒరిజినల్ కీ తేడా చూపించమంటే నేనే ఒక్కోసారి తడబడతాను.

మీ దగ్గరున్న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మ్యాపు ఎప్పటిదో తెలీట్లేదా, జిల్లాలు చూడండి. ప్రకాశం జిల్లా 1970లో వచ్చింది (మొదట ఒంగోలు జిల్లా అనేవారు, 1972లో ప్రకాశం అయింది), రంగారెడ్డి 1978లో, విజయనగరం 1979లో. ఒంగోలు గుంటూరు జిల్లాలోనే ఉంటే ఆ మ్యాపు 1970కి ముందుది. విజయనగరం విడిగా ఉండి మొత్తం 23 లెక్కకొస్తే 1979 తర్వాతది. ఏడాది వేయని మ్యాపులకి ఇది బాగా పనికొస్తుంది, అలా ఒక పెద్దావిడ దగ్గరున్న గోడ మ్యాపు 1970కి ముందుదని తేలాక ఆవిడ కోయడం మానేసి ఫ్రేమ్ కట్టించుకున్నారు, నాకు చాలా సంతోషమేసింది.

రెండో ప్రశ్న: స్కేలు ఎంత?

ఎవరూ పట్టించుకోనిది ఇదే, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. మామూలుగా లాకెట్‌కి వాడే గాజు బిళ్ళ 25 మిల్లీమీటర్లు ఉంటుంది, దుద్దులకి వాడేది 12. ఆ చిన్న గుండ్రంలో మీ ఊరు పడుతుందా, మీ జిల్లా పడుతుందా, సగం దేశం పడుతుందా అనేది మొత్తం స్కేలు మీదే ఆధారపడి ఉంటుంది. 1:50,000 అంటే మ్యాపు మీద ఒక సెంటీమీటరు నేల మీద అర కిలోమీటరన్నమాట, టోపోషీట్ అంటే సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళు వేసే వివరమైన ప్రాంతీయ మ్యాపు.

| మ్యాపు స్కేలు | 12 మి.మీ. దుద్దులో | 25 మి.మీ. లాకెట్‌లో | 10 సెం.మీ. కోస్టర్‌లో (గ్లాసు కింద పెట్టే పలక) |
|---|---|---|---|
| 1:50,000 (ఇప్పటి టోపోషీట్) | 600 మీటర్లు | 1.25 కి.మీ. | 5 కి.మీ. |
| అంగుళానికి మైలు (పాత టోపోషీట్) | 760 మీటర్లు | 1.6 కి.మీ. | 6.3 కి.మీ. |
| 1:2,50,000 | 3 కి.మీ. | 6.25 కి.మీ. | 25 కి.మీ. |
| 1:10,00,000 | 12 కి.మీ. | 25 కి.మీ. | 100 కి.మీ. |
| 1:60,00,000 (అట్లాస్ పేజీ లాంటిది) | 72 కి.మీ. | 150 కి.మీ. | 600 కి.మీ. |

అంటే "మా ఊరు లాకెట్‌లో కావాలి" అన్నవాళ్ళకి అట్లాస్ పేజీ దండగ, అందులో ఊరు చుక్క కూడా కాదు. టోపోషీట్ అయితే ఊరి ఇళ్ళు ఎర్రగా, చెరువు నీలంగా, పొలాలు పసుపుగా, గుట్ట చుట్టూ గోధుమరంగు గీతలు, అన్నీ ఒక్క రూపాయి బిళ్ళంత చోట్లో పట్టేస్తాయి. రాయలసీమ, తెలంగాణ షీట్లు లాకెట్లకి ఎందుకంత బావుంటాయంటే చెరువుల వల్లే, చెరువు కట్ట ఒక నల్లటి గీతలా వంగి దాని పక్కన నీలం పరుచుకుని ఉంటుంది, ఆ ఆకారం ఏ రెండు ఊళ్ళకీ ఒకేలా ఉండదు. హైదరాబాద్ పాతబస్తీ కావాలంటే 56 కె/7 నంబరు షీటు చూడండి, చార్మినార్ నుంచి మూసీ దాకా సుమారుగా ఒక లాకెట్‌లో సరిపోతుంది.

అదే దేశం, సముద్రం, "అమ్మాయి డాలస్‌లో మేం విజయవాడలో" లాంటి ఐడియా అయితే అట్లాసే కరెక్టు.

ఒక చిన్న పద్ధతి చెప్తా, ఇది లేకుండా నేను ఒక్క మ్యాపూ కోయను. విజిటింగ్ కార్డులాంటి అట్టముక్క తీసుకుని మీరు వాడబోయే గాజు బిళ్ళ సైజులో గుండ్రంగా రంధ్రం చేయండి. ఆ అట్టని మ్యాపు మీద పెట్టి మెల్లగా జరుపుతూ పోండి. ఊరి పేరు మధ్యలో తెగిపోతుందా, నది ఒక మూల నుంచి ఇంకో మూలకి పారుతుందా, ఖాళీగా ఉందా, అన్నీ ముందే కనిపిస్తాయి. ఊరి పేరు సరిగ్గా మధ్యలో పెట్టాలని అందరికీ అనిపిస్తుంది కానీ పేరు కొంచెం కిందకి ఉండి పైన నదో రోడ్డో వంపు తిరిగితే చూడ్డానికి బావుంటుంది.

కిందటేడు ఒకమ్మాయి వాళ్ళమ్మ అరవయ్యో పుట్టినరోజుకి లాకెట్ అడిగింది. వాళ్ళమ్మ పుట్టిన ఊరు శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలో మునిగిపోయిందట. ఇప్పటి షీట్లో ఆ చోట అంతా నీలమే, అందుకని డ్యామ్ కట్టకముందు అచ్చైన మ్యాపు కావాల్సొచ్చింది. అమెరికా ఆర్మీ మ్యాప్ సర్వీస్ వాళ్ళు 1950ల్లో వేసిన 1:2,50,000 షీట్లు మన దేశంలో చాలా భాగానికి ఉన్నాయి, టెక్సాస్ యూనివర్సిటీ లైబ్రరీ వాళ్ళు స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు. అందులో కృష్ణ ఇంకా సన్నగా పారుతోంది, ఒడ్డున ఆ ఊరి పేరు ఉంది. ఆ స్కేల్లో లాకెట్‌లో ఆరు కిలోమీటర్లు పడుతుంది కాబట్టి పక్క ఊళ్ళు రెండు కూడా వచ్చాయి, అవి కూడా మునిగినవే. వాళ్ళమ్మగారు వచ్చి, మీరు పెట్టిన రెండో ఊరు మా అమ్మమ్మ వాళ్ళదమ్మా అన్నారు. స్కేలు చూసుకోమని నేనింత పట్టుబట్టేది ఇందుకే.

మూడోది కాగితం

బాగా పాత కాగితం, అంటే పందొమ్మిదో శతాబ్దం మధ్య దాకా గుడ్డపేలికలతో చేసింది, ఇప్పటికీ గట్టిగా ఉంటుంది. ఆ తర్వాత చెక్క గుజ్జుతో చేసిన కాగితం పసుపెక్కి పెళుసవుతుంది, అందుకే 1970ల అట్లాస్ కన్నా వందేళ్ళకి పైగా ముందు అచ్చైన మ్యాపు ఒక్కోసారి మెత్తగా ఉంటుంది. పనికిరాని మూల ఒకటి చూసి మడవండి, తెరవండి, మళ్ళీ మడవండి. రెండోసారికే విరిగిపోతే దాన్ని చుట్టే పనులకి (పూసలు, పూలు) వాడకండి, గాజు కిందో ఫ్రేములోనో పెట్టుకోండి.

ఇంకోటి, పేజీ వెనక కూడా అచ్చు ఉందా చూడండి. దీని వల్ల ఎంత నష్టమో రెసిన్ దగ్గర చెప్తాను.

నగలు: నాలుగు దారులు

*గాజు బిళ్ళ లాకెట్, దుద్దులు*

మొదటిసారి చేసేవాళ్ళకి నేను కళ్ళు మూసుకుని ఇదే చెప్తాను. కావాల్సినవి గాజు బిళ్ళలు, వాటికి సరిపోయే మెటల్ ట్రేలు, ఆరాక పూర్తిగా పారదర్శకం అయ్యే జిగురు, అంతే. హైదరాబాద్‌లో బేగంబజార్ వెళ్తే ఇమిటేషన్ నగల సామాన్ల షాపుల్లో ట్రేలు, కొక్కేలు, చైన్లు అన్నీ దొరుకుతాయి.

మ్యాపు మీద ఒక్క చుక్క జిగురు మధ్యలో వేసి గాజుని పైనుంచి నొక్కాలి, మధ్య నుంచి అంచులకి, అప్పుడు గాలి బుడగలు బయటకి పోతాయి. జిగురు ఎక్కువైతే కాగితం నాని ముడతలు పడుతుంది. ఆరాక అంచు కత్తిరించి, కాగితం వెనక వైపు, ముఖ్యంగా అంచు చుట్టూ, ఇంకో పూత వేసి అదీ ఆరాకే ట్రేలో బి-7000 లాంటి జిగురుతో అంటించాలి. ఈ వెనక పూత చాలామంది వదిలేస్తారు. గాజు బిళ్ళకి బలహీనత ఉన్నదల్లా అక్కడే, మన ఎండల్లో మెడ మీద చెమట అంచులోంచి లోపలికి దిగి కొన్నాళ్ళకి మ్యాపు చుట్టూ టీ మరక లాంటి గీత వస్తుంది. స్నానానికి తీసేయాలని చెప్పి మరీ ఇవ్వండి.

ప్రింట్ వాడితే లేజర్ ప్రింట్ తీయించండి. మామూలు ఇంక్‌జెట్ ప్రింట్ మీద నీళ్ళ జిగురు పడితే నీలం రంగు పాకిపోతుంది, నా మొదటి బ్యాచ్ పన్నెండు బిళ్ళలూ అలాగే పోయాయి.

గాజు పైన ఉబ్బుగా ఉండటం వల్ల అక్షరాలు కొంచెం పెద్దగా కనిపిస్తాయి, ఇది పెద్దవాళ్ళకిచ్చే గిఫ్టుకి పెద్ద ప్లస్సు.

*రెసిన్*

అందం చూస్తే రెసిన్ ముందు ఏదీ నిలబడదు, ఒప్పుకోవాల్సిందే. నీళ్ళలో మునిగినట్టు లోతుగా కనిపిస్తుంది, ఏ ఆకారం కావాలంటే ఆ ఆకారం, చెమటకి భయం లేదు. కానీ కష్టం కూడా దానికే ఎక్కువ.

ఒకటి, కాగితాన్ని ముందు సీల్ చేయకపోతే రెసిన్ లోపలికి ఇంకి కాగితం నూనె పడ్డ బజ్జీల పేపరులా పారదర్శకం అయిపోతుంది. అప్పుడు వెనక పేజీ బయటపడుతుంది. నేను ఒకసారి విశాఖ తీరం ఉన్న అట్లాస్ పేజీతో కమ్మలు చేశా, కోసేటప్పుడు చాలా బావుంది, రెసిన్ పోసిన మర్నాడు చూస్తే సముద్రం మీద వెనక పేజీలో ఉన్న వర్షపాతం పట్టీ అద్దంలో చూసినట్టు తిరగబడి కనిపిస్తోంది. దాన్ని ఇంక ఏమీ చేయలేం. కాబట్టి రెండు వైపులా అచ్చున్న పేజీ అయితే వెనక తెల్ల కాగితం అంటించి, పలచగా కలిపిన ఫెవికాల్ రెండు వైపులా రెండు పూతలు వేసి పూర్తిగా ఆరనివ్వండి, అంచులు కూడా వదలకుండా.

రెండు, వానాకాలం. గాల్లో తేమ ఎక్కువున్నప్పుడు ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపి పోసే మామూలు రెసిన్) పైన తెల్లటి పొరలా మసక వస్తుంది. వైజాగ్, కాకినాడ వైపు వాళ్ళకి ఇది ఏడాదిలో చాలా నెలలు ఉండే సమస్య, ఏసీ గదిలో చేస్తే కొంత మేలు.

మూడు, ఆరోగ్యం. ఆరని రెసిన్ చర్మానికి తగులుతుంటే కొంతమందికి ఎలర్జీ మొదలవుతుంది, ఒకసారి మొదలైతే తర్వాత కొంచెం తగిలినా దద్దుర్లే. గ్లవ్స్, కిటికీలు తెరిచి ఉంచడం, సానబట్టేటప్పుడు మాస్కు, ఇవి తప్పనిసరి. చంటిపిల్లలున్న ఇంట్లో, వంటింటి గట్టు మీద రెసిన్ పని చేయకండి, దయచేసి.

యూవీ రెసిన్ అయితే ల్యాంపు కింద కొన్ని నిమిషాల్లో గట్టిపడుతుంది, చిన్న కమ్మలకి హాయి, కానీ వెలుతురు తగలని చోట ఆరదు, అందుకని మ్యాపు కాగితం కింద పోసింది పచ్చిగానే ఉండిపోతుంది. వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాలి. మామూలు ఎపాక్సీకి కనీసం ఒక రోజు, పూర్తిగా గట్టిపడడానికి మూడు రోజుల దాకా పడుతుంది. రెండిటికీ ఎండలో పెడితే పసుపు రంగు వస్తుంది, ఆలస్యంగానో తొందరగానో.

*పేపర్ పూసలు*

ఖర్చు దాదాపు సున్నా. పొడుగ్గా, ఒక చివర రెండు సెంటీమీటర్లు ఉండి రెండో చివర మొనదేలేలా ముప్ఫై సెంటీమీటర్ల పట్టీలు కోసి, వెడల్పు వైపు నుంచి అగరుబత్తి పుల్ల మీద చుట్టుకుంటూ పోయి, చివర జిగురు పెట్టి, పైన వార్నిష్ రెండు మూడు పూతలు. పిల్లలతో సెలవుల్లో చేయించొచ్చు, వార్నిష్ మాత్రం మీరు వేయండి. ఎంత పొడుగు దండైనా మెడలో బరువే తెలీదు.

కానీ ఒక విషయం ముందే తెలుసుకోండి. చుట్టాక పైకి కనిపించేది పట్టీ అంచులు, ఆ చివరి మొన మాత్రమే. ఊరి పేర్లు, రోడ్లు, నదులు అన్నీ లోపలికి పోతాయి. మీ ఊరున్న మ్యాపుని పూసలు చేయడం అంటే దాన్ని పారేసినట్టే. పూసలకి రంగు కావాలి, చోటు అక్కర్లేదు. అట్లాస్‌లో పసిఫిక్ మహాసముద్రం పేజీ ఎవరికీ అక్కర్లేకుండా మిగిలిపోతుంది చూడండి, అది పూసలకి బంగారం. హిమాలయాల పేజీ కూడా, ముదురు గోధుమరంగు ఊదా కలిసి చాలా బాగా వస్తాయి.

*గాజులు*

చెక్క గాజులకి మ్యాపు పట్టీ అంటించి వార్నిష్ వేయడం. చూడ్డానికి తేలిక, చేతికేసుకున్నాక కష్టం. గాజులు ఒకదానికొకటి కొట్టుకుంటాయి, గిన్నెలు తోమేటప్పుడు నీళ్ళు తగులుతాయి, లోపలి అంచు దగ్గర కాగితం లేచిపోతుంది. పండక్కో ఫంక్షన్‌కో వేసుకునేదైతే సరే, రోజూ వేసుకునేదానికి నేను చేసివ్వను. చేయాలనుకుంటే వెడల్పాటి ఒంటి గాజు చేయండి, రోడ్డుగానీ రైలు పట్టాగానీ ఉన్న భాగం పొడుగ్గా కోస్తే చేతి చుట్టూ ఆ దారి తిరిగినట్టుంటుంది.

| | గాజు బిళ్ళ | రెసిన్ | పూసలు | గాజులు |
|---|---|---|---|---|
| ఊరి పేరు చదవొచ్చా | చక్కగా | చక్కగా | చదవలేం | కొంత |
| చెమట, నీళ్ళు | అంచు సీల్ చేస్తే పర్లేదు | బాగా తట్టుకుంటుంది | పొడిగా ఉంచాలి | తట్టుకోదు |
| ఖర్చు | తక్కువ | ఎక్కువ | దాదాపు లేదు | మధ్యస్తం |
| కొత్తవాళ్ళకి | తేలిక | కష్టం | తేలిక | మధ్యస్తం |
| పిల్లలున్న ఇంట్లో | చేయొచ్చు | వద్దు | చేయొచ్చు | వార్నిష్ పెద్దలే |

ఇంటికి: ఫ్రేము, కోస్టర్లు, ల్యాంపు, ట్రే

ఫ్రేము గురించి పెద్దగా చెప్పడానికి లేదు, ఒరిజినల్ ఒక్కటే ఉంటే ఫ్రేమే. కాకపోతే ఫ్రేము షాపువాళ్ళకి మూడు మాటలు గట్టిగా చెప్పండి: సెల్లోటేప్ వేయొద్దు (కొన్నేళ్ళకి గోధుమరంగు మరక కాగితంలోకి దిగిపోతుంది), హార్డ్‌బోర్డుకి ఫెవికాల్‌తో అంటించొద్దు, గాజు మ్యాపుకి తగలకుండా మధ్యలో మౌంట్ అట్ట పెట్టమనండి. మైదా జిగురు అసలే వద్దు, పురుగులకి పిలిచి భోజనం పెట్టినట్టే. లామినేషన్ చేస్తే మళ్ళీ విప్పడం కుదరదు, ఒరిజినల్స్‌కి చేయించకండి. గోడకి తగిలించేటప్పుడు ఎండ నేరుగా పడని గోడ చూసుకోండి, వానకి చెమ్మెక్కే బయటి గోడ అయితే ఫ్రేము వెనక నాలుగు మూలలా చిన్న కార్కు ముక్కలు అంటిస్తే గాలాడుతుంది. స్కూళ్ళలో కర్రలకి చుట్టి ఉండే గోడ మ్యాపులు, వెనక బట్టా పైన వార్నిషూ ఉన్నవి, కోస్తే పెచ్చులూడతాయి, వాటిని కర్రలతో సహా అలాగే తగిలించండి. ఉమ్మడి రాష్ట్రం 23 జిల్లాల మ్యాపు హాల్లో ఒకటి ఉంటే వచ్చిన ప్రతి చుట్టమూ దాని ముందు నిలబడి వాళ్ళ తాలూకా వెతుక్కుంటారు, మా ఇంట్లో అదే జరుగుతుంది.

కోస్టర్ల దగ్గర మాత్రం ఆగి ఆలోచించాలి. వీడియోల్లో కోస్టర్లు ఎంత తేలికో చూపిస్తారు, నాలుగంగుళాల టైలు, దాని మీద మ్యాపు, పైన వార్నిష్ లేదా రెసిన్, అయిపోయింది. కానీ వాళ్ళు పెట్టేది పిడి ఉన్న మందపాటి పింగాణీ కప్పు. మనం పెట్టేది పొగలు కక్కే కాఫీ పోసిన స్టీలు గ్లాసు, దాని అడుగు చెయ్యి పెట్టలేనంత కాలుతుంటుంది. మామూలు ఎపాక్సీ యాభై అరవై డిగ్రీల వేడికే మెత్తబడిపోతుంది, నీళ్ళ వార్నిష్ అయితే గ్లాసుకి అతుక్కుంటుంది. మొదటిసారి చేసిన సెట్టు మా అత్తగారికిచ్చా, ఆవిడ ప్రేమగా మొదటి కాఫీ దాని మీదే పెట్టారు, గ్లాసు ఎత్తితే కోస్టర్ కూడా లేచొచ్చింది, విడదీస్తే గోదావరి డెల్టా మీద గుండ్రంగా గ్లాసు అడుగు అచ్చు. ఆ తర్వాత నుంచి కోస్టర్‌కి పైన మ్యాపు సైజులోనే మూడు మిల్లీమీటర్ల గాజు ముక్క, అంచులు సాన పట్టించింది, పెడుతున్నా. గాజు షాపులో చెప్తే కోసిస్తారు. కింద కార్కు. ఖర్చు పెరుగుతుంది, బరువు పెరుగుతుంది, కానీ ఇప్పటిదాకా ఒక్కటీ పాడవలేదు. ఇంత శ్రమ వద్దనుకుంటే చల్లటి డ్రింకులకి మాత్రమే అని చెప్పి ఇవ్వండి, లేదా కోస్టర్ ఆలోచన మానేసి ట్రే చేయండి.

ట్రే నాకు చాలా ఇష్టం. పెద్దగా ఉంటుంది కాబట్టి టోపోషీట్‌లో ఒక మండలం మొత్తం పట్టేస్తుంది, ట్రే అడుగుకి సరిపడా గాజు పలక కోయించి పైన పెట్టేస్తే జిగురు కూడా అక్కర్లేదు, మ్యాపు మళ్ళీ కావాలంటే తీసుకోవచ్చు. అంటించిన వాటిలో ఏదీ ఈ సౌకర్యం ఇవ్వదు.

ల్యాంప్‌షేడ్‌కి ఒకే వైపు అచ్చున్న మ్యాపులే వాడాలి, టోపోషీట్లు అందుకే బావుంటాయి. రెండు వైపులా అచ్చుంటే లైటు వేయగానే వెనక వైపుది తిరగబడి కనిపిస్తుంది, రెసిన్ కథే మళ్ళీ. మడతల గీతలు కూడా వెలుగులో బాగా కనిపిస్తాయి, కొందరికి అదే నచ్చుతుంది. ఎల్ఈడీ బల్బు తప్ప ఇంకేదీ పెట్టకండి, కాగితం కదా, బల్బుకీ షేడ్‌కీ మధ్య బెత్తెడు ఖాళీ ఉండాలి.

ఎవరికి ఏది

ఇదివరకు ఎప్పుడూ చేయలేదు, ఒక వారాంతం ఖాళీ ఉంది: గాజు బిళ్ళలు. పది బిళ్ళలు తెచ్చుకోండి, పాత అట్లాస్ పేజీతో రెండు ప్రాక్టీస్ చేసి మీ ఊరి ప్రింటుకి రండి.

విదేశాల్లో ఉన్న పిల్లలకి, చెల్లెళ్ళకి పంపాలి: లాకెట్ లేదా దుద్దులు, ప్రింటుతో చేసినవి. బరువుండదు, అంత తేలిగ్గా పగలదు. నిజంగా పాత ఒరిజినల్ పంపాలనుకుంటే జాగ్రత్త, 75 ఏళ్ళు దాటిన చారిత్రక విలువ ఉన్న పత్రాలు, వందేళ్ళు దాటిన కళావస్తువులు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందకి వస్తాయి, వాటిని దేశం దాటించకూడదు.

ఇంట్లో చిన్నపిల్లలున్నారు, వాళ్ళతో కలిసి చేయాలి: పూసలు. మహాసముద్రాలన్నీ వాళ్ళకిచ్చేయండి.

తాతగారి నక్షా ఒక్కటే ఉంది, అన్నదమ్ములు నలుగురు: స్కాన్ ఒకటి, 600 డీపీఐలో, నలుగురికీ నాలుగు ప్రింట్లు ఫ్రేము కట్టించండి, ఆడపిల్లలకి అదే స్కాన్‌లోంచి లాకెట్లు. ఒరిజినల్ ఎవరి దగ్గర ఉండాలో మీలో మీరు తేల్చుకోండి, ముక్కలు మాత్రం చేయకండి.

అమ్మాలనుకునేవాళ్ళకి కొంచెం ఎక్కువ చెప్పాలి. కొన్న అట్లాస్ పేజీని కోసి లాకెట్ చేసి అమ్మడం వేరు, ఆ పేజీని స్కాన్ చేసి వంద ప్రింట్లు తీసి అమ్మడం వేరు, రెండోదానికి కాపీరైట్ అడ్డొస్తుంది. మన దేశంలో ప్రభుత్వ ప్రచురణలకి కాపీరైట్ అచ్చైన 60 ఏళ్ళ దాకా ఉంటుంది, కాబట్టి బాగా పాత సర్వే షీట్లతో ప్రింట్ల ఇబ్బంది లేదు, కొత్తవాటితో ఉంది. ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికే స్కాన్లు కూడా అన్నీ అమ్మకానికి పనికిరావు, ఉదాహరణకి డేవిడ్ రమ్సీ కలెక్షన్‌లో అద్భుతమైన పాత మ్యాపులున్నాయి కానీ వ్యాపారానికి వాడేముందు అక్కడి షరతులు చదవాలి. "రిస్ట్రిక్టెడ్" అని అచ్చేసిన పాత టోపోషీట్లు మీ చేతికొస్తే అమ్మకం జోలికి పోవద్దు. భారతదేశం బొమ్మ మొత్తం వచ్చేలా ప్రింట్ వేస్తే సరిహద్దులు సర్వే ఆఫ్ ఇండియా మ్యాపు ప్రకారమే ఉండాలి, 1961 చట్టం ప్రకారం తేడాగా ప్రచురిస్తే ఆరు నెలల దాకా జైలు శిక్ష పడొచ్చు. విదేశీ అట్లాసులతో ఈ తలనొప్పి తరచూ వస్తుంది, ఆ పేజీల్లో సరిహద్దు రాని భాగాలు వాడుకోండి.

అమ్మే ప్రతి వస్తువుతో ఒక చిన్న కార్డు పెట్టండి. అందులో ఏ మ్యాపు, ఏ సంవత్సరం, ఏ స్కేలు, ఒరిజినల్ కాగితమా ప్రింటా, ఈ నాలుగూ ఉండాలి. ప్రింటుని ఒరిజినల్ అని అమ్మేవాళ్ళున్నారు, కొన్నవాళ్ళు కనిపెట్టలేరు కూడా, అందుకే మనం రాసి ఇవ్వాలి. నా కార్డు మీద ఇలా ఉంటుంది: "1:50,000 టోపోషీట్ నుంచి ప్రింటు. ఈ గుండ్రంలో ఒక కిలోమీటరు పావు ఉంది. స్నానానికి ముందు తీసేయండి."